గుంటూరు బండెక్కిన మజ్జిగ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోండి, కాళ్లు చాపుకున్నా నేనేమీ అనుకోను. చెప్పబోయేది పెద్ద సంగతేమీ కాదు, మజ్జిగ సంగతి. మొన్న వేసవిలో మా ఊరి బస్టాండు పక్క కొట్లో ఒక మజ్జిగ ప్యాకెట్టు కొనుక్కుని తాగాను. చల్లగా ఉంది, ఉప్పూ అల్లమూ సమంగా పడ్డాయి, వంక పెట్టడానికి లేదు. ఇది ఎక్కడినించి వస్తుందని అడిగితే, కొట్టతను "పట్నం నించి వ్యానులో వస్తది మామ్మా, పాలు మాత్రం మన ఊళ్లయ్యే" అన్నాడు. అతనికి అందులో వింతేమీ లేదు. నాకూ కోపమేమీ రాలేదు. కాకపోతే ఇంటికొచ్చి మంచం మీద నడుం వాల్చాక మా నాయనమ్మ గుర్తొచ్చింది, ఆమె వెనకాలే సైదమ్మత్త గుర్తొచ్చింది. ఆ ఇద్దరి సంగతి చెబుతాను.

మా ఊరు సత్తెనపల్లి దాటాక, మాచర్ల పోయే రైలు కట్ట పక్కనే ఉంటుంది. అంతా నల్లరేగడి. అప్పటికి కాలవలు రావడానికి ఇంకా చానా కాలం ఉంది. వాన పడితే పంట, పడకపోతే లేదు. అందుకని ఇంటిని నిలబెట్టేది పాడి ఒక్కటే. వెనక వసారాలో దాలి గుంట ఉండేది. పొద్దున్నే పితికిన పాలను పెద్ద కుండలో పోసి, పిడకలు రాజేసిన ఆ గుంటలో పెడితే సాయంత్రం దాకా సన్నగా కాగుతూనే ఉండేవి. మంట కనపడేది కాదు. పాలు మెల్లగా ఎర్రబడి, పైన మీగడ చాపలా కట్టేది. ఆ వాసన మా బట్టలకూ, జుట్టుకూ, పడుకునే బొంతలకూ పట్టి ఉండేది. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల నన్ను వాసన చూసి, మీ ఇంట్లో ఇవాళ పాలు బాగా కాగాయే అనేది. మూడో తరగతిలో నా చదువు ఆపించారు గానీ ఆ వాసన మాత్రం నాకు ఇప్పటికీ అక్షరాలతో కలిసే గుర్తుంది.

తెల్లారేసరికి నాయనమ్మ గుంజకు తాడు చుట్టి కవ్వం పట్టేది. ఆ చప్పుడుకే మేమందరం లేచేవాళ్లం. చిలికేటప్పుడు ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడితే వెన్న సరిగ్గా తేలదని చెప్పేది. నిజానికి రోజు మొత్తంలో ఎవరూ ఆమెను ఏదీ అడగని సమయం అదొక్కటేనని, నాకు పెళ్లయి నా చేతికి కవ్వం వచ్చాక గానీ తెలియలేదు. వెన్న పోగయ్యాక నెయ్యి కాచేది. దించే ముందు గుప్పెడు మునగాకు వేసేది. నేతిలో వేగిన ఆ ఆకు కోసం నేనూ మా అక్కా జుట్లు పట్టుకునేవాళ్లం. ఎందుకంటే మాకు దక్కేది ఆ ఆకూ, గిన్నె అడుగున మిగిలిన గోకుడూ. నెయ్యిని డబ్బాకెత్తి నాన్న సత్తెనపల్లి కొట్లో వేసి వచ్చేవాడు, అక్కడినించి అది గుంటూరు పోయేది. దానికి నాయనమ్మకు దిగులేమీ లేదు. "నెయ్యి పట్నానిది, మజ్జిగ ఊరిది" అనేది.

అది ఆమె ఒక్కతే పెట్టుకున్న కట్టుబాటు కాదు. మా వైపు పాడి ఉన్న ఏ ఇంట్లోనూ మజ్జిగ అమ్మేవాళ్లు కాదు. కాస్త పొద్దెక్కేసరికి పాడి లేని ఇళ్ల ఆడవాళ్లు చెంబులూ ముంతలూ పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చేవాళ్లు. అలా రావడం అడుక్కోవడం కాదు, పోయడం దానమూ కాదు, బావికి పోయి నీళ్లు తోడుకున్నట్టే. ఎవరన్నా ఒక రోజు రాకపోతే, ఇంట్లో ఎవరికన్నా బాగాలేదేమోనని నాయనమ్మే కబురు పంపేది. అందరూ సమానమని కాదు. కడవకు ముంత తగలకుండా పైనించి పోసేవాళ్లు, ఎవరి కుండ వాళ్లదే. ఆ రోజులు అటువంటివి. అయినా పోయకుండా పంపిన ఇల్లు మాత్రం నేను చూడలేదు.

సైదమ్మత్త వాళ్లు దూదేకుల వాళ్లు. మా వెనక సందులో ఉండేవాళ్లు. ఆమె మొగుడు నాగులు మామ దూది ఏకి పరుపులూ బొంతలూ కుట్టేవాడు. ఏకేటప్పుడు దూది కొట్టే వింటి తాడు మోగితే సందు చివరి దాకా వినపడేది. వాళ్లింట్లో మధ్యాహ్నం తిండంటే జొన్న సంకటీ, మజ్జిగా, ఒక ఉల్లిపాయ. అత్త నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. నాయనమ్మను పెద్దమ్మా అని పిలిచేది. మజ్జిగకు అందరికంటే ఆఖరున వచ్చి అందరికంటే ఎక్కువ సేపు కూర్చునేది. నాయనమ్మ మోకాళ్లకు ఆముదం రాసేది ఆమే, మా అమ్మ మీద నాయనమ్మ చెప్పే చాడీలన్నీ వినేదీ ఆమే. వింటూ వింటూ ముంతలోకి తొంగిచూసి, "వెన్నంతా నువ్వే తీసుకుంటివి గదా పెద్దమ్మా, ఒక్క పలుకన్నా వదలగూడదా?" అనేది. "వదిలితే నీ నోరు ఇంకా జారుద్దే, వద్దులే" అనేది నాయనమ్మ. ఈ మాటలు రోజూ ఉండేవే. రోజూ నవ్వేవాళ్లు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. గుంటూరు పెరుగుతోందని అందరూ చెప్పుకునేవాళ్లు. పొగాకు కంపెనీలట, మిల్లులట, సందు సందుకీ కాఫీ హోటలట. మేము చూడకపోయినా మా కట్ట మీది బళ్లను చూస్తే తెలిసేది. గుంటూరు వైపు పోయే గూడ్సు మాచర్ల నాపరాళ్లతో, పిడుగురాళ్ల సున్నంతో, పత్తి బోరాలతో, మిరపకాయ బస్తాలతో మూలుగుతూ పోయేది. తిరిగి వచ్చేది తేలిగ్గా, ఖాళీ డబ్బాలా గడగడలాడుతూ వచ్చేది. పత్తి మొత్తం బోరాలకెక్కేసరికి ఊళ్లో దూది ఏకించుకునేవాళ్లు తగ్గిపోయారు. నాగులు మామ విల్లు వారానికొకసారి మోగితే గొప్ప. అట్లాంటప్పుడు ఒక కాఫీ హోటలు గుమాస్తా సైకిలేసుకుని మా ఊరు వచ్చాడు. మా దాలి గుంట చూసి, "ఇన్ని పాలు ఇట్టా మాడబెడతన్నారేంది?" అన్నాడు. అతనికి కావలసింది నిప్పు తగలని పచ్చిపాలు. పొద్దుటి బండికి డబ్బాల్లో ఎక్కిస్తే, ఎండ ముదరకముందే హోటల్లో ఉంటాయని చెప్పాడు.

"పచ్చిపాలన్నీ పోతే తోడేసేదేంది, చిలికేదేంది?" అంది నాయనమ్మ.

"చిలకాల్సిన పనే లేదు మామ్మా. మీ చేతులకి నొప్పుండదు."

"నా చేతులు నొప్పని నీతో ఎవరు చెప్పారు నాయనా?"

గుమాస్తా పోయాక మా నాన్న ఆమె పక్కన కూర్చున్నాడు. నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "అమ్మా, బావి అడుగున బండరాయి తగిలింది. మందు పెట్టి పేల్చకపోతే నీళ్లు రావు. నెయ్యి మీద వచ్చేది ఉప్పుకీ పప్పుకీ చాలటల్లేదు. పాలైతే నెల నెలా చేతికొస్తది."

"మజ్జిగకొచ్చే వాళ్లకేం చెప్పాల్రా?"

"ఊరంతా పాలు పోస్తంటే మనమొక్కళ్లమే మానుకునేదేంది?"

"ఊరంతా పోస్తంది గాబట్టే అడుగుతన్నా."

నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. ఆయన తప్పు మాట్లాడాడని నేనిప్పుడు కూడా అనను. ఆ బావి పేల్చాక పడిన నీళ్లనే రెండు కరువుల్లో మా వీధి మొత్తం తాగింది. అట్లాగని నాయనమ్మ తప్పు మాట్లాడిందనీ అనను. ఆఖరికి ఒక ఒప్పందానికొచ్చారు. నుదుట తెల్ల మచ్చ ఉన్న చుక్క బర్రె నాయనమ్మది, దాని పాలు గుంటూరు పోవు. మిగతావన్నీ పోతాయి. దాలి గుంటలో చిన్న కుండ పెట్టారు. పెద్ద కుండ బోర్లించారు.

చిక్కెక్కడ వచ్చిందంటే, మిగతా ఇళ్లలో పాలన్నీ గుంటూరుకే పోతుండేసరికి ఊరి ముంతలన్నీ మా గుమ్మంలోకే వచ్చాయి. నాయనమ్మ ఎవరినీ కాదనలేకపోయింది. కడవలో నీళ్లు పోసేది, చాలకపోతే మళ్లీ పోసేది, ఉప్పు వేసేది, కరివేపాకు నలిపి వేసేది. ఒక రోజు సైదమ్మత్త ముంతలోకి చూసి, అలవాటు కొద్దీ నవ్వుతూ, "పెద్దమ్మా, ఇది మజ్జిగా, కుండ కడిగిన నీళ్లా?" అంది. ఎప్పుడూ అనే మాటల్లాంటిదే అది కూడా. కానీ ఆ రోజు నాయనమ్మ తిరిగి ఏమీ అనలేదు. అత్త నవ్వు మధ్యలోనే ఆపేసింది. ముంత ఎత్తి అక్కడే గడగడా తాగేసి, "బాగుంది, చానా బాగుంది పెద్దమ్మా" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎండలు ముదిరాయి, చుక్క బర్రె వట్టిపోయింది. మా ఇంట్లో కవ్వం గోడకు చేరింది. తెల్లారి చప్పుడు లేక మాకు మెలకువ వచ్చేది కాదు, మా అమ్మ తట్టి లేపేది.

వానలు పడకముందే నాగులు మామ సంసారం గుంటూరు తరలింది. అక్కడ లాడ్జీలకూ హోటళ్లకూ పరుపులు కావాలట, చేతి నిండా పని ఉందట. సైదమ్మత్త మా పెరట్లోకి వచ్చి నిలబడి, "పని లేని చోట ఏం తిని ఉండమంటావు పెద్దమ్మా?" అంది. "సంకటన్నా దిగాలి గదా గొంతు." నాయనమ్మ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. ఆ రోజు నించి తన మోకాళ్లకు ఆముదం రాస్తానని ఎవరు ముందుకొచ్చినా వద్దనేది.

మరుసటి ఏడాదికి నాయనమ్మ కుడి కంట్లో పొర కమ్మింది, ఎడమ కన్ను ముందే మసక. గుంటూరు పెద్దాసుపత్రిలో తీస్తారని నాన్న తీసుకుపోయాడు, చెయ్యి పట్టుకుని నడిపించడానికి నేను. కోటప్పకొండ తిరునాళ్లకు తప్ప ఆమె ఊరు దాటి ఎరగదు. బండెక్కాక నాన్న పాల డబ్బాల దగ్గరికి పోయినప్పుడు నా చెవిలో చెప్పింది: "కన్ను సంగతి తర్వాతే పిల్లా. సైదాని ఇంటికి తెచ్చుకోవాలి. రానంటే చెయ్యి పట్టుకునైనా తెస్తా." అప్పుడు నాకు అర్థమైంది, పొర వంక మాత్రమేనని.

గుంటూరులో దిగేసరికి ముందు తగిలింది పొగాకు వాసన, దాని వెనక కాఫీ వాసన. సైదమ్మత్త వాళ్లుండేది వరస గదుల్లో ఒక గది. మమ్మల్ని చూసి అత్త ఏడ్చింది, నవ్వింది, నాన్నను "తమ్ముడూ, సన్నబడ్డావేంది?" అంది. ఆమె కూడా సన్నబడింది, కానీ ఇంట్లో అల్యూమినియం గిన్నెలు వచ్చాయి, పిల్లల ఒంటి మీద చిరగని చొక్కాలున్నాయి. నాగులు మామ, "పొద్దున్నే ఎదర హోటల్లో కాఫీ తాగుతా. మన ఊరి పాలని నాలిక చెబుద్ది" అన్నాడు. "నాలిక కాదు, డబ్బా మీద గుర్తు చూసొచ్చి చెబుతాడు" అంది అత్త. నాన్న డబ్బాల లెక్క చూసుకోవడానికి హోటలుకి పోయాడు. నాయనమ్మ వెంట తెచ్చుకున్న కుండలో, అత్త పెట్టిచ్చిన మూడు రాళ్ల మీద, చూరు కింద తనే సంకటి వండింది. అందరం కూర్చున్నాక అడిగింది.

"ఏమే సైదా, మజ్జిగేది?"

అత్త తల దించుకుని, "చింతపండు పులుసుంది పెద్దమ్మా, ఇక్కడ దాంతోనే దించుకుంటన్నాం" అంది.

నాయనమ్మ లేచి, చెంబు తీసుకుని నా చెయ్యి పట్టుకుంది. మేము వచ్చేటప్పుడే పక్క సందులో పేడ వాసన తగిలింది ఆమెకు. కన్ను కనపడకపోయినా ముక్కును బట్టి నన్నక్కడికి నడిపించింది. నిజంగానే ఒక పెద్ద ఇల్లు, లోపల వరసగా బర్రెలు. బర్రెలున్న ఇంట మజ్జిగ ఉండకపోవడమేమిటని ఆమె లెక్క. పెరటి గుమ్మం వెతికింది, ఆ ఇంటికి పెరటి గుమ్మం లేదు. ముందు తలుపు దగ్గరే నిలబడి, మా ఊళ్లో ఆడవాళ్లు పిలిచినట్టే పిలిచింది: "ఏమ్మా, మజ్జిగ పొయ్యి తల్లీ!"

లోపలినించి ఒకావిడ వచ్చి, చెంబునూ నాయనమ్మ కంటినీ నన్నూ చూసి, "అడుక్కునే వేళా ఇది? సాయంత్రం రాపో" అంది.

నాయనమ్మకు కోపం రాలేదు, ఆవిడకు తెలియక అన్నదనుకుంది. "అడుక్కోవటల్లేదమ్మా. మజ్జిగ అడుగుతన్నా" అంది, చిన్నపిల్లకు విడమరిచి చెప్పినట్టు.

"రెండిటికీ తేడా ఏంది?"

అంతవరకూ నాయనమ్మను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆవిడ తలుపు వెయ్యబోయి, ఆగి, "మీదేవూరు?" అంది. చెప్పాం. "మాది రాజుపాలెం పక్క" అంది ఆవిడ, గొంతు మార్చి. గడప మీద కూర్చుంది, మమ్మల్నీ కూర్చోమంది. "మజ్జిగ యాడుంటది పెద్దమ్మా ఇక్కడ? పితికింది పితికినట్టు కొలిచి పంపటమే. మా పిల్లలకే మజ్జిగ తెలవదు. నా కవ్వం అటక మీద బూజు పట్టి ఉంది." లేచి లోపలికి పోయి చెంబు నిండా పాలు తెచ్చి పోసింది. నాయనమ్మ వద్దంది. పాలు వేరు, మజ్జిగ వేరు. ఊరికే పుచ్చుకునేది మజ్జిగే. "అయితే ఆ కవ్వం కూడా తీసుకుపో" అంది ఆవిడ. "తెల్లారి నాకూ ఇంత పోద్దువుగాని."

ఆ పాలు కాచి తోడెయ్యడానికి కుండ కావాలి, నాయనమ్మ కుండలో సంకటి ఉంది. ఇక ఉన్నది సైదమ్మత్త కుండే. నాయనమ్మ ఒక్క క్షణం ఆగి, ఆ కుండనే అందుకుంది. తోడుకు మజ్జిగ లేక చింతపండు పలుకు వేసింది. తెల్లారి గది ముందు కూర్చుని రెండు చేతుల మధ్య కవ్వం తిప్పింది. ఆ వరస గదుల వాళ్లందరూ తలుపులు తీసి చూశారు. మజ్జిగ ఎన్ని నీళ్లు పోసినా అందరికీ రాదు, అయినా పోసింది. మొదటి చెంబు నా చేత రాజుపాలెం ఆవిడకు పంపింది. ఆఖరిది అత్తా ఆమే తాగారు, ఒకే ముంతలో. ఎవరి కుండ వాళ్లదన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అత్త మూతి తుడుచుకుని, "పలుచన పెద్దమ్మా" అంది. "నీ నోటికి అదే ఎక్కువ" అంది నాయనమ్మ.

ఆసుపత్రిలో డాక్టరు చూసి, పొర ఇంకా ముదరలేదు, ముదిరాక రమ్మన్నాడు. సాయంత్రం బండికే తిరుగు ప్రయాణం. సైదమ్మత్త స్టేషను దాకా వచ్చింది. బండి వచ్చేదాకా ఆ ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుందని నేను చూస్తున్నాను. నాయనమ్మ పిల్లల సంగతి అడిగింది, చింతపండు పులుసులో బెల్లం వెయ్యమని చెప్పింది, ఇంటికి రమ్మనే మాట మాత్రం ఎత్తలేదు. మా పాల డబ్బాలు ఖాళీవి ఎక్కిస్తున్నారు. బండి కదలబోతుండగా, అత్తే కిటికీ పట్టుకుని అంది:

"నన్ను రమ్మనటానికే గదా వచ్చావు పెద్దమ్మా. మరి అడగవేంది?"

నాయనమ్మ కిటికీ చువ్వల మీద ఉన్న అత్త చేతిని తడుముకుని పట్టుకుంది.

"అడిగితే వస్తావే నువ్వు. వచ్చినాక ఏం పెట్టను నీకు?"

అత్త చెయ్యి వెనక్కి తీసుకోలేదు. బండి కదిలాక నాలుగడుగులు నడిచి వదిలేసింది.

సైదమ్మత్త మళ్లీ మా ఊళ్లో కాపురం పెట్టలేదు. పరుపుల పని తర్వాత ఆమె కొడుకులు మోటారు షెడ్లలో పని నేర్చారు, మనవళ్లకు సొంత షెడ్డు ఉంది. మా ఊళ్లోనే ఉండి ఉంటే వాళ్లకు ఏముండేదని అడిగితే నేను చెప్పలేను. గుంటూరు తీసుకుపోయిందంటారు, ఇచ్చిందీ అంటారు. రెండూ నా కళ్లతో చూశాను. మా నాయనమ్మ అడగవలసిన మాట అడగకుండా తిరిగి రావడం కూడా చూశాను. ఎక్కువ తక్కువలు తూచేవాళ్లు ఆ ఒక్కదాన్ని ఎటువైపు వేస్తారో నాకు తెలియదు.

ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్నారు, చల్లగా ఉండండి. మీ గడపలోకి వచ్చిన మనిషికి పెట్టడానికి మీ ఇంట ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలి. కావలసిన వాళ్లను ఇంటికి రమ్మని నోరారా పిలవగలిగే స్థితిలో మిమ్మల్నీ మీ పిల్లలనీ దేవుడు ఉంచాలి.